కోడ్ చదివే లాయరు ఎక్కడ?

కువైట్‌లో ఉద్యోగం మారేటప్పుడు అరబ్బీ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. రెండేళ్ళు రాసిన ప్రోగ్రాం మీద నాకే హక్కూ లేదని అందులో ఉందట! సలహా కోసం వెళితే లాయరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "సోర్స్ కోడ్ అంటే ఏమిటి?"

నవ్వొచ్చింది గానీ, కోర్టుల్లో కేసులు నిలబడేదీ పడిపోయేదీ ఇలాంటి ప్రశ్నల మీదే. రిలయన్స్ సెల్‌ఫోన్లలో ఈఎస్ఎన్ నంబర్లు మార్చి టాటా ఇండికాంకి మళ్ళించారన్న కేసులో, సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనని 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. సోర్స్ కోడ్ తారుమారుకి సంబంధించిన ఐటీ చట్టం 65వ సెక్షన్ కింద దర్యాప్తు ఆపనంది.

ఇలాంటి కేసు వాదించాలంటే చట్టమూ రావాలి, కోడూ రావాలి. రెండోది మనకి వచ్చు. మొదటిది ఇండియాలో మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ. పేటెంట్ ఏజెంట్ పరీక్షకైతే లా డిగ్రీ కూడా అక్కర్లేదు, ఇంజనీరింగ్ డిగ్రీ చాలు.

కువైట్ కోర్టుల్లో వ్యవహారమంతా అరబ్బీలోనే కనుక ఇక్కడ మనం నల్లకోటు వేసుకోలేం. కానీ గల్ఫ్‌కి వచ్చినవాళ్ళం ఎప్పటికైనా ఇంటికి వెళ్ళేవాళ్ళమే కదా! వెళ్ళాక ఏం చేద్దామని మధనపడే మిత్రులారా, ఇదీ ఒక దారే. నేనైతే ఎల్‌ఎల్‌బీ పుస్తకాలు తెప్పించుకున్నాను.