నాడీకణములే బుద్ధియా?

మట్టిలో జీవించు సీ. ఎలిగాన్స్ అను మిల్లీమీటరు పొడవు పురుగునకు, దాని ఉభయలింగ రూపమున, నాడీకణములు 302 మాత్రమే కలవు. సిడ్నీ బ్రెన్నర్ పరిశోధనకై ఈ అల్పజీవిని ఎన్నుకొనగా, ఆయనయు సహచరులును దానిని అతిపలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచి, ఏ కణము ఏ కణముతో సంధానమైనదో ఏండ్ల తరబడి గుర్తించి, 1986లో ఆ పటమును ప్రకటించిరి. బుద్ధికి నాడీకణములే సర్వస్వమైనచో, ఆ పురుగు ఎప్పు డెటు మరలునో ఆ పటమును చూచియే చెప్పగలిగి యుండవలెను గదా! నాలుగు దశాబ్దములు కావచ్చినను అది సాధ్యము కాలేదు. ఏలయన, ఏ సంధానము ఉత్తేజపరచునో, ఏది నిరోధించునో ఆ పటము స్పష్టముగా తెలుపదు. సంధానములతో నిమిత్తము లేకయే కణమునుండి కణమునకు వ్యాపించు పెప్టైడులు అను రసాయనములను అసలే చూపదు. ఆకలిగొన్న పురుగునకును, కడుపు నిండిన పురుగునకును పట మొక్కటియే, నడవడి వేరు.

ఇంతకంటె తీక్ష్ణమైన పరీక్షను ఎరిక్ జోనస్, కోన్రాడ్ కోర్డింగ్ అను శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. పాత ఆటయంత్రములలోని 6502 అను మైక్రోప్రాసెసరు యొక్క కంప్యూటరు ప్రతిరూపమును గైకొని, దానినే మెదడుగా భావించి, నాడీశాస్త్రజ్ఞుల పద్ధతులను దానిపై ప్రయోగించిరి. ఒక్కొక్క ట్రాన్సిస్టరును చెరచి, ఏ ఆట ఆగిపోవునో చూచిరి. కొన్నిటిని చెరచినప్పుడు డాంకీ కాంగ్ అను ఆట యొక్కటియే ఆగినది. అంతమాత్రమున అవి డాంకీ కాంగ్ ట్రాన్సిస్టర్లగునా? (మెదడులో ఉన్నదని పత్రికలలో తరచు ప్రకటింపబడుచుండు ‘ప్రేమకేంద్రము’ నాకిచట జ్ఞప్తికి వచ్చుచున్నది.) ప్రతి భాగమును, ప్రతి తీగెయు తెలిసిన యంత్రమునందే ఆ పద్ధతులు గణనక్రమమును పట్టలేకపోయినవి.

నాడీకణములను విస్మరింపుమని నేననుట లేదు. అవి చేయుచున్న కార్యమేమో ముందు నిర్ణయింపక, కేవలము వానిని పరీక్షించుటవలన ఆ కార్యము బోధపడదనియే నా తాత్పర్యము. దృష్టిని గూర్చి డేవిడ్ మార్, 1982లో మరణానంతరము వెలువడిన తన గ్రంథమున, ఈ విషయమునే విపులముగా వాదించెను. కృత్రిమబుద్ధి చరిత్రయు దీనికి విరుద్ధము గాదు: 1943లో మెకలక్, పిట్స్ కల్పించిన కణము సజీవకణమునకు అతిసరళమైన ఛాయ మాత్రమే, నేటి భాషాయంత్రములు ఆ ఛాయా వంశమునకు చెందినవేగాని, మెదడునకు నకళ్లు కావు.

మానవమస్తిష్కమును కంప్యూటరులో అనుకరింపవలెనని 2013లో యూరపు ఆరంభించిన మహాప్రణాళిక 2023లో ముగిసినది. దానివలన మస్తిష్కపటములును, ఉపయుక్తములైన పరికరములును లభించినవి. అనుకరింపబడిన మెదడు లభింపలేదు. ఇకమీదట ఇట్టి కార్యములకు ప్రజాధనము నొసగువారు, ఎన్ని కణములను అనుకరింతురని గాక, ఏ ప్రశ్నకు సమాధానము చెప్పుదురని మొదట అడుగవలెను.