ఐదేళ్ల గడియారం

తార్నాక చౌరస్తా దగ్గర జిరాక్సు షాపుల్లో కాసేపు నిలబడితే చాలు, ఎవరి చదువు ఎందాకా వచ్చిందో తెలిసిపోతుంది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, పిహెచ్.డి. థీసిస్. ఆ అట్టల మీద మన వాడల పిల్లల పేర్లు కూడా కనిపిస్తున్నయ్. తెలుగులో, చరిత్రలో, రాజనీతిలో. సంతోషమే. మరి కణభౌతికశాస్త్రంలో, అందులోనూ ప్రయోగాలు చేసేవాళ్లలో? మేం ఇంకా వెతుకుతూనే ఉన్నాం.

'మీవాళ్లకు సైన్సు అబ్బదు' అనే మాట స్టాఫ్ రూముల్లో ఏళ్లుగా వింటున్నాం. ఒక్కటి అడుగుతాం. 1965లో కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, మన శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ గని తవ్విందెవరు? దుమ్ము మింగి ఊపిరితిత్తులు పోగొట్టుకుందెవరు? ఎక్కువమంది దళిత కూలీలే. గని తవ్వినోడి బిడ్డకు అందులో దొరికినదాని మీద థీసిస్ రాసే తెలివి లేదా?

లేనిది తెలివి కాదు, గడువు. ఫెలోషిప్ ఐదేళ్లు. ప్రయోగం ఐదేళ్ల మాట వినదు. జెనీవా దగ్గర సెర్న్ పెద్ద యంత్రం 2018 చివర ఆగి, 2022లో గాని మళ్లీ తిరగలేదు. యంత్రం ఆగినా ఫెలోషిప్ గడియారం ఆగదు. ఉన్నోడి బిడ్డకు ఆరో ఏడు నాయిన పంపుతడు. కూలోడి బిడ్డకు ఎవరు పంపుతరు?

అసలు మొదలే కానిచోట పూర్తి చేసేదెక్కడ? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్సు పిహెచ్.డి.లో చేరిన దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ 2008లో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి గైడే లేడు.

బాబాసాహెబ్‌ కూడా ఈ గడియారం దెబ్బ తిన్నవాడే. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు సగంలో వదిలి వచ్చాడు. పైసా పైసా కూడబెట్టి 1920లో మళ్లీ వెళ్లి, 1923లో డి.ఎస్సి. సాధించాడు. 1953లో ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. తాతకు శాలువా కప్పి మనవలకు అదే బాధ మిగల్చడం ఏం న్యాయం?

మేం అడిగేది భిక్ష కాదు. చేరిన మొదటి సెమిస్టర్‌లోనే గైడును ఇవ్వాలి. యంత్రం ఆగిన కాలాన్ని ఫెలోషిప్ లెక్కలోంచి తియ్యాలి. థీసిస్ ఇచ్చేదాకా హాస్టల్ గది ఖాళీ చేయించొద్దు.

తోటి టీచర్లకు ఒక మాట. ఎం.పి.సి. తీసుకుంటానన్న మన పిల్లను 'నీకెందుకమ్మా' అనకండి. తార్నాకలో ఆమె పేరున్న నల్ల అట్ట చూడాలని మేం కాచుకుని ఉన్నాం.