అద్దాలు ఎక్కించండి!

మొన్న శనివారం మా టీమ్ ఔటింగ్. రిసార్టులు బోరు కొట్టేశాయి, ఈసారి అడవికి పోదామన్నారు. మియాపూర్ నుంచి మూడు కార్లలో బొల్లారం మీదుగా ఖాజీపల్లి అడవి వైపు బయల్దేరాం. గడ్డపోతారం దగ్గర పడేసరికి వాసన... తియ్యగా, ఘాటుగా, కడుపులో తిప్పేసేలా. "అద్దాలు ఎక్కించండి, ఏసీ రీసర్క్యులేషన్‌లో పెట్టండి" అని వెనకసీటు నుంచి కేక. డ్రైవింగ్ నాదే. పెట్టాను. అంచేత కింద తిట్టబోయే తిట్లలో నాకూ వాటా ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నా.

చెట్ల కింద పులిహోర డబ్బాలు తెరిచాక అసలు కథ మొదలైంది. ఈమధ్యే మిచిగన్ నుంచి తిరిగొచ్చిన మా మేనేజరు ఫోన్లో ఫొటోలు చూపించాడు. అక్కడి పార్కులో మంచు గుట్ట మీంచి పిల్లలు ప్లాస్టిక్ బల్లల మీద జారుతున్నారు, పక్కనే గెట్ టుగెదర్లకి షెడ్డు, నడవడానికి దారులు. "మనకెందుకు లేవు?" అన్నాడు. అంతే, తలా ఒకటి కలిపారు. జిప్‌లైన్, జారుడుబండ, బార్బెక్యూ, మైకుసెట్టు, నాలుగొందల కార్లకి పార్కింగు. (మంచు కావాలంటే ట్యాంక్‌బండ్ కింద స్నో వరల్డ్ 2004లోనే వచ్చింది బాబూ, అడవి దాకా ఎందుకు?)

ఈ ఖాజీపల్లి అడవినే 2020 సెప్టెంబర్‌లో ప్రభాస్ దత్తత తీసుకున్నాడు. 1650 ఎకరాలు, రెండు కోట్ల రూపాయలు. ఆ వార్తని మనమంతా షేర్ చేశాం. సంతోషమే.

అదే పేరుగల చెరువు కూడా ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరం షేర్ చెయ్యలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. గమనించండి, ఇది శుద్ధి చేసిన తర్వాతి లెక్క! 2014లో ఖాజీపల్లి చెరువు వంతు వచ్చింది. యాంటీబయాటిక్స్‌కి లొంగని జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువులో కన్నా ఇక్కడ కొన్నివేల రెట్లు ఎక్కువ కనిపించాయి. పోలికకి తీసుకున్న ఆ చెరువు ఏమిటో తెలుసా? ఉమియో ఊరి పక్కన జనం ఈతకీ, క్యాంపింగ్‌కీ వెళ్ళే చోటు. అంటే మా మేనేజరు అడుగుతున్నలాంటిదే.

"కంపెనీలు మూసేస్తే మందులెలా, ఉద్యోగాలెలా?" అని వెంటనే ఒకరు అడిగారు. మూసెయ్యమని ఎవరన్నారు? వ్యర్థాన్ని సరిగ్గా శుద్ధి చెయ్యడానికి ఖర్చవుతుంది. ఫ్యాక్టరీ ఆ ఖర్చు పెట్టకపోతే అది మాయమైపోదు, పక్క ఊరి బోరుబావి కడుతుంది. లాగ్‌లో ఎర్రర్లు వస్తున్నాయని లాగింగే ఆపేసే జూనియర్‌ని మనం ఏమంటాం? అద్దాలు ఎక్కించడం అచ్చంగా అదే పని. పైగా మందుకి లొంగని సూక్ష్మజీవికి ఔటర్ రింగు రోడ్డు టోల్ గేటు అడ్డం కాదు. రేపు మాదాపూర్ ఆసుపత్రి ఐసీయూలో అది మనల్నే పలకరించొచ్చు.

తిరిగొస్తూ గడ్డపోతారంలో టీకి ఆగాం. టీకొట్టాయన్ని వాసన సంగతి అడిగితే, "ఇప్పుడేముంది సార్, రాత్రిపూట రండి" అన్నాడు. మావాళ్ళెవరూ నవ్వలేదు.

మనకి గొంతు లేదా అంటే ఉంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం ఎన్ని పోస్టులు పెట్టాం! ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది కూడా. కాకపోతే అది మన ఆఫీసు అద్దాల్లోంచి కనిపించే అడవి. గడ్డపోతారం కనిపించదు, వాసనొస్తుంది. వాసనని ఫొటో తీసి పెట్టలేం కదా.

సోమవారం మేనేజరు అటవీశాఖకి పంపాల్సిన వినతిపత్రం డ్రాఫ్టు అందరికీ పంపాడు. పదకొండు కోరికలు, మొదటిది జిప్‌లైన్. దాని పైన నేనొకటి చేర్చాను: ఖాజీపల్లి చెరువు నీటి పరీక్ష ఫలితాలు ప్రతి నెలా తెలుగులో పార్కు గేటు దగ్గర బోర్డు మీద పెట్టించాలి అని. పది నిమిషాల్లో జవాబొచ్చింది, "టోన్ కొంచెం నెగటివ్‌గా ఉంది, తీసేద్దామా?" అని.

తియ్యలేదు. ఇప్పటికి ముగ్గురు సంతకం పెట్టారు. టీమ్‌లో పధ్నాలుగు మందిమి.