‘అసలైన’ వెనిస్ ఎవరికోసం?

మన యాత్రాకథనాల్లో ఒక గొప్ప తరచుగా తగులుతూ ఉంటుంది: నేను టూరిస్టుని కాను, యాత్రికుణ్ణి అని. ఇలా రాసేవాళ్లకి క్యూలో నిలబడేవాళ్లంటే చిన్నచూపు. జెండా పట్టుకున్న గైడు వెనకాల నడిచే గుంపంటే జాలి. ‘అసలైన’ నగరం ఎక్కడో సందుల్లో, మామూలు జనం బతికేచోట ఉందనీ, దాన్ని తాము కనిపెట్టామనీ నమ్మకం. నేనూ నిన్నమొన్నటి దాకా ఆ బాపతే. ఇప్పుడు మాత్రం, ఊళ్లకి హాని చేయడంలో ఆ గుంపుకంటే ఈ గొప్ప ఏమీ తక్కువ తినలేదని అనుకుంటున్నాను.

మేమిద్దరం వెనిస్‌లో మూడు రోజులున్నాం. హోటల్లో దిగడం టూరిస్టుల పని కదా! అందుకని కాస్టెల్లో వైపు, జనం కాపురాలుండే పేటలో, ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. గుమ్మం పక్కన నంబరు నొక్కితే తెరుచుకునే తాళాల పెట్టె. ఇంటివాళ్ల మొహం చూసింది లేదు. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ల చేతిలోనూ మాలాగే చక్రాల సూట్‌కేసు. రెండోరోజు పొద్దున ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి ఆరేసిన బట్టలు కనబడితే, అబ్బ, ఇదీ అసలు వెనిస్ అని ఫోటో తీయబోయాను. మా ఆవిడ ఆపింది.

“దాంట్లో ఒక్క చొక్కా కూడా లేదు, చూశావా? అన్నీ తెల్ల దుప్పట్లే. మన మంచం మీదవి లాంటివే.”

రియాల్టో వంతెన దగ్గర శాన్ బార్తొలొమియో కూడలిలో ఒక మందుల షాపు ఉంది. దాని అద్దంలో వెలిగే అంకెలు పాతనగరంలో ఇంకా ఎంతమంది మిగిలారో చెబుతాయి. 1951లో అక్కడ దాదాపు 1,75,000 మంది ఉండేవాళ్లు. 2022లో ఆ సంఖ్య 50,000 కిందకి దిగింది. మర్నాడే కాదుగానీ మరుసటి ఏడాదే, 2023లో, టూరిస్టుల కోసం వేసిన పడకల సంఖ్య జనాభాని దాటిపోయిందని స్థానిక పౌర బృందం ఒకటి లెక్క తేల్చింది.

ఇదంతా టూరిస్టుల పాపమే అనను. 1966 నాటి పెద్ద వరద ఉంది, నీటికి అవతల మెస్త్రెలో పొడిగా, చవగ్గా దొరికిన ఇళ్లున్నాయి. కానీ ఇవాళ్టి సంగతి వేరు. నెలకింతని ఇచ్చే కుటుంబం కంటే రోజుకింతని ఇచ్చే మాలాంటివాళ్లు యజమానికి గిట్టుబాటు. కుటుంబం పోతే దాని వెనకే కూరగాయల కొట్టు పోతుంది, ఆ స్థలంలోకి ముఖానికి పెట్టుకునే బొమ్మ మాస్కుల దుకాణం వస్తుంది. సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లో ఫోటో దిగి సాయంత్రం రైలెక్కేవాడు ఇరుకు చేస్తాడు, నిజమే. కానీ ఎవరి పడగ్గదీ ఖాళీ చేయించడు. తమాషా ఏమిటంటే 2024 ఏప్రిల్ 25న 5 యూరోలతో మొదలైన ప్రవేశ రుసుము కట్టేది అతనే. రాత్రి బస చేసే మాకు మినహాయింపు! బస పన్ను మేమూ కడతాం, కాదనను. అయినా అది ఒక ఇల్లు తగ్గినందుకు పరిహారం అవుతుందా?

అయితే వెళ్లొద్దంటావా అని అడగొచ్చు. అననుగాక అనను. ఆ ఊరిని చూడాలన్న ఆశ తప్పు కాదు. మనది కాని ఊళ్లో మనవాళ్లమన్నట్టు నటించడం తప్పు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి పరివారంతో కాశీకి బయల్దేరాడు, 1831లో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో దారులున్నాయి, ఊళ్లున్నాయి, అక్కడ దొరికే వస్తువులున్నాయి, జనం ఆచారాలున్నాయి. తను దారినపోయేవాణ్ణన్న సంగతి ఆయన దాచుకోలేదు. అందుకే చుట్టూ ఉన్నది కనబడింది. మనకేమో ‘అసలైనది’ దొరికిందన్న సంబరంలో పక్కింటి పేరు పలక ఎందుకు ఖాళీగా ఉందో కూడా తట్టదు.

కాబట్టి నా మనవి ఇది. హాయిగా టూరిస్టుల్లా వెళ్లండి. హోటల్లోనే దిగండి, క్యూలో నిలబడండి, గుంపుతో కలిసి బసీలికా చూడండి. సందుల్లో మిగిలిన నాలుగు కాపురాలని వాటి మానాన వదిలేయండి. తిరిగొచ్చాక యాత్రాకథనం రాస్తే, మీరు పడుకున్న గదిలో అంతకు ముందు ఎవరుండేవారో కూడా ఒక్క వాక్యం రాయండి. మేం ఎవరినీ అడగలేదు. అడుగుదామన్నా ఆ మెట్ల మీద అడగడానికి ఎవరూ లేరు.