కొనేవాళ్లు తగ్గితే.. రాసేవాడికే దెబ్బ!

బెర్టెల్స్‌మన్ అనే పేరు మనవాళ్లలో చాలామంది విని ఉండరు. పెంగ్విన్ బొమ్మ ఉన్న పుస్తకం మాత్రం బెంగళూరులోనో, చెన్నైలోనో ఏదో ఒక దుకాణంలో చూసే ఉంటారు. గురజాడ ‘కన్యాశుల్కం’ ఇంగ్లీషు అనువాదాన్ని 2011లో మన దేశంలో తెచ్చింది కూడా పెంగ్వినే. అప్పటికి ఆ సంస్థ బ్రిటన్‌లోని పియర్సన్ చేతిలో ఉండేది. 2013 జులైలో జర్మనీకి చెందిన బెర్టెల్స్‌మన్ తన ర్యాండమ్ హౌస్‌ను దానితో కలిపేసింది. కొత్త సంస్థలో మొదట 53 శాతం వాటా తీసుకుంది. 2017లో దాన్ని 75 శాతానికి పెంచింది, 2020లో మొత్తం తన పేరు మీదకు మార్చుకుంది. పోటీదారును పక్కన కూర్చోబెట్టుకుని, ఆపై మెల్లగా మింగెయ్యడం ఈ కంపెనీకి బాగా అలవాటైన పద్ధతి.

అదే ఊపులో 2020 నవంబరులో అమెరికాలోని సైమన్ అండ్ షూస్టర్‌ను 217 కోట్ల 50 లక్షల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలు ఐదే. అందులో మొదటిది మూడోదాన్నో, నాలుగోదాన్నో కొనేస్తే మిగిలేవి నాలుగు. ఏడాది తిరిగాక అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది.

మామూలుగా ఇలాంటి కేసుల్లో సర్కారు చేసే వాదన ఒకటే: కంపెనీలు కలిస్తే సరుకు ధర పెరుగుతుంది, కొనేవాడు నష్టపోతాడు అని. ఈసారి పాఠకుడి జేబు సంగతి పక్కన పెట్టారు. నష్టపోయేది రచయిత అన్నారు. కర్నూలు, బళ్లారి వైపు నుంచి బ్యాడగి యార్డుకు మిర్చి బస్తాలు తోలుకెళ్లే రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. పాటలో ఐదుగురు వ్యాపారులుంటే ఒక ధర, ఇద్దరే ఉంటే ఇంకో ధర. సరుకు అదే, బరువు అదే.

అమెరికాలో పేరున్న రచయిత పుస్తకమూ దాదాపు ఇలాగే అమ్ముడవుతుంది. రచయిత తరఫు ఏజెంటు రాతప్రతిని నలుగురైదుగురు ప్రచురణకర్తలకు పంపుతాడు. వాళ్లు పోటీ పడి అడ్వాన్సు పాడతారు. పుస్తకం అనుకున్నంత అమ్ముడుపోకపోయినా ఆ డబ్బు రచయితదే, వెనక్కి ఇవ్వక్కర్లేదు. మూడు నాలుగేళ్లు కూర్చుని రాసేవాడికి ఇంటి ఖర్చు గడిచేది దానితోనే. న్యాయశాఖ రెండున్నర లక్షల డాలర్లు, ఆపైన అడ్వాన్సు పలికే పుస్తకాలను వేరే మార్కెట్‌గా లెక్కగట్టింది. కలిసిన కంపెనీకి అందులో సుమారు 49 శాతం వాటా దక్కుతుందని తేల్చింది. ఆ మాటకొస్తే అంత అడ్వాన్సు చూసే అదృష్టం అమెరికాలోనూ కొద్దిమందికే. చిన్న రచయితల బాధ ఈ కేసులో పెద్దగా వినపడలేదన్న మాటా నిజమే.

2022 ఆగస్టులో వాషింగ్టన్‌లో మూడు వారాలపాటు విచారణ సాగింది. భయానక నవలల స్టీఫెన్ కింగ్ సర్కారు తరఫున సాక్ష్యం చెప్పాడు. ఆయన పుస్తకాలు వేసేదే సైమన్ అండ్ షూస్టర్! మొదటి నవల ‘క్యారీ’కి తనకొచ్చిన అడ్వాన్సు 2,500 డాలర్లేనని గుర్తు చేశాడు. కలిసిపోయాక కూడా రెండు విభాగాలూ ఒకదానిమీద ఒకటి పాట పాడతాయని బెర్టెల్స్‌మన్ హామీ ఇచ్చింది. ఒకే ఇంటి కోసం మొగుడూ పెళ్లామూ పోటీపడి ధర పెంచుకుంటారంటే నమ్మమంటారా అని కింగ్ ఎద్దేవా చేశాడు. అక్టోబరు 31న జడ్జి ఫ్లోరెన్స్ పాన్ ఆ కొనుగోలును అడ్డుకున్నారు. బెర్టెల్స్‌మన్ 20 కోట్ల డాలర్లు పరిహారం కట్టి బయటపడింది. పెంగ్విన్ ర్యాండమ్ హౌస్ అధిపతి మార్కస్ డోలే డిసెంబరులో కుర్చీ దిగిపోయాడు.

భక్తి పుస్తకాల నుంచి..

గూటర్స్‌లో అనే చిన్న పట్టణంలో 1835లో కార్ల్ బెర్టెల్స్‌మన్ మొదలుపెట్టిన అచ్చాఫీసు ఇది. తొలిరోజుల్లో వేసింది క్రైస్తవ కీర్తనలు, భక్తి పుస్తకాలు. హిట్లర్ కాలంలో తమది ప్రతిఘటించిన సంస్థ అని కంపెనీ చాలాకాలం చెప్పుకుంది. చరిత్రకారుల సంఘం 2002లో అసలు విషయం బయటపెట్టింది: జర్మన్ సైన్యానికి పుస్తకాలు అచ్చేసి బాగానే సంపాదించిందని. కంపెనీ విచారం ప్రకటించక తప్పలేదు. యుద్ధం తర్వాత రైన్‌హార్డ్ మోన్ 1950లో బుక్‌క్లబ్ పెట్టి ఇంటింటికీ పుస్తకాలు చేర్చాడు. ఆ లాభాలతోనే అమెరికా వైపు చూశారు. బాంటమ్, 1986లో డబుల్‌డే, 1998లో ర్యాండమ్ హౌస్ వరసగా సొంతమయ్యాయి. మన దేశంలోనూ 2012 నుంచి పెట్టుబడులు పెడుతోంది. బెంగళూరులో మాంసం ఇంటికి తెచ్చిచ్చే లిషియస్‌లోనూ ఈ జర్మన్ డబ్బు ఉంది.

టీవీలోనూ అదే కథ

పుస్తకాల్లో దెబ్బ తగిలిన రోజుల్లోనే టీవీ వ్యాపారంలోనూ తలుపులు మూసుకున్నాయి. గ్రూపులోని ఆర్‌టీఎల్, ఫ్రాన్స్‌లో తన ఎం6 ఛానల్‌ను టీఎఫ్1తో కలపాలని చూసింది. పోటీ వ్యవహారాల సంస్థ పెట్టిన షరతులకు బెదిరి 2022 సెప్టెంబరులో విరమించుకున్నారు. నెదర్లాండ్స్‌లో టాల్పాతో కలయికను 2023 జనవరిలో అక్కడి అధికారులు కాదన్నారు. ఆ తర్వాత ఆర్‌టీఎల్ ఆ దేశంలోని తన వ్యాపారాన్నే బెల్జియం కంపెనీ డీపీజీకి అమ్మేసింది. జర్మనీలో ‘స్టెర్న్’ లాంటి పేరున్న పత్రికలున్న గ్రూనర్ ప్లస్ యార్‌ను ఆర్‌టీఎల్‌లో కలిపారు. 2023 ఫిబ్రవరిలో 23 పత్రికలు ఆపేస్తున్నట్లు ప్రకటించారు. వందల మంది ఉద్యోగాలకు ముప్పు వచ్చింది.

కంపెనీ వాదన పూర్తిగా తీసిపారేసేదేం కాదు. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్, అమెజాన్‌లు దేశాల సరిహద్దులు లేకుండా ప్రకటనల సొమ్ము ఊడ్చుకుపోతుంటే, ఒక్కో దేశంలో ఒక్కో ఛానల్ విడివిడిగా తట్టుకోవడం కష్టమే. అందుకే 2025 జూన్‌లో స్కై డ్యూష్‌లాండ్‌ను 15 కోట్ల యూరోలకు, తర్వాత చెల్లించే మరికొంత మొత్తానికి కొనేందుకు ఆర్‌టీఎల్ ఒప్పందం చేసుకుంది. కానీ పుస్తకాల్లో ఆ సాకు నిలవదు. అమెజాన్ పుస్తకాలు అమ్మే దుకాణం, బేరం గట్టిగా ఆడుతుంది. దాన్ని ఎదుర్కొనే పేరుతో రచయిత దగ్గర పాట పాడేవాళ్లను తగ్గించడం ఏం న్యాయం?

సైమన్ అండ్ షూస్టర్‌ను చివరకు 2023లో పెట్టుబడి సంస్థ కేకేఆర్ 162 కోట్ల డాలర్లకు కొంది. జర్మన్ కంపెనీ ఇస్తానన్నదానికంటే 55 కోట్ల 50 లక్షలు తక్కువ. ఉద్యోగులకూ వాటా ఇస్తామని కొత్త యజమాని ప్రకటించాడు. పాటలో ఐదో గొంతు ప్రస్తుతానికి మిగిలింది.