రక్తం చిందక ముందే వినవలసిన మొర

ఉస్మాన్‌గంజ్‌కు ఒకవైపు నాంపల్లి క్రిమినల్ కోర్టులు, మరోవైపు ఉస్మానియా ఆసుపత్రి. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే హైకోర్టు. భర్త భార్యను చంపాడనో, భార్య భర్తను చంపిందనో వార్త వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో రెండు మాటలు వినిపిస్తాయి. “ఉరి తీయాలి” అంటారు కొందరు. “ఎంత విసిగిపోతే అంత పని చేశాడో” అంటారు మరికొందరు. కోర్టు ఈ రెండు మాటలనూ తూకం వేయవలసి ఉంటుంది. ఆ తూకం ఎలా వేస్తుందో విశ్వాసులమైన మనం తెలుసుకోవాలి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ ప్రకారం హత్యకు శిక్ష మరణం లేదా యావజ్జీవ ఖైదు. అయితే 101వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. పాత ఐపీసీ 300వ సెక్షన్ నుంచి వచ్చినవే అవి. ఎదుటి మనిషి తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టినందువల్ల నిగ్రహం కోల్పోయి చంపితే దాన్ని హత్యగా కాక, అంతకంటే తక్కువ స్థాయి నరహత్యగా చూస్తారు. చంపాలనే ఉద్దేశం ఉంటే అప్పుడు కూడా యావజ్జీవం, లేదా 5 నుంచి 10 ఏళ్ల ఖైదు పడవచ్చు. అంటే నేరం తగ్గుతుందే గాని మాసిపోదు. ఇక శిక్ష ఖరారు చేసేటప్పుడు నిందితుని వయసు, మానసిక స్థితి, మారే అవకాశం కూడా చూడాలని సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులో చెప్పింది.

మన హైకోర్టు ముందుకే ఇలాంటి కేసు ఒకటి వచ్చింది. 1958 నాటి న్యాయ నివేదికల్లో అది ఉంది. ఒక యువకునికి కొత్తగా కాపురానికి వచ్చిన భార్య మీద అనుమానం. తనకు మరొకరితో సంబంధం ఉందని, ఆ కారణంగానే గర్భవతినయ్యానని ఆమె ఒప్పుకుంది. అతడు ఆమె గొంతు నులిమి చంపాడు. ఇది హఠాత్తుగా రెచ్చిపోయి చేసిన పని అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు భావించి, మినహాయింపును వర్తింపజేసింది.

1961లో నానావతి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును ప్రస్తావించింది. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. భార్య ఒప్పుకోలు విన్న తరువాత కుటుంబాన్ని సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్లి రివాల్వర్ తెచ్చుకున్నాడు. కోపం చల్లారడానికి దాదాపు మూడు గంటలు గడిచాయని చెప్పి, కోర్టు మినహాయింపును నిరాకరించింది. చట్టం దయ చూపేది నిగ్రహం తప్పిన ఆ కాసేపటికే. పథకం వేసుకున్నవానికి అది దొరకదు.

ఈ తీర్పుల వెనుక ఉన్న న్యాయసూత్రాన్ని మేము కాదనడం లేదు. కాని మమ్మల్ని బాధించే విషయం ఒకటుంది. హఠాత్తుగా ఎగసిన కోపానికి సరిపోయిన ఈ కొలత, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న స్త్రీకి చాలాసార్లు సరిపోదు. బ్రిటన్‌లో కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్లు హింస భరించి, 1989లో నిద్రిస్తున్న భర్తకు నిప్పంటించింది. ఆమెకు యావజ్జీవం పడింది. అక్కడా రెచ్చగొట్టడం అనే వాదన నిలవలేదు. చివరికి 1992లో, ఆమె మానసిక స్థితిని బట్టి నేరాన్ని తగ్గించారు. ఆమె చేసింది ఒప్పు అని మేము అనము. ఆ పదేళ్లలో ఆమె మొర విన్నదెవరు అని మాత్రం అడుగుతున్నాము.

1958 నాటి కేసు చదివినప్పుడు మాకు యోసేపు గుర్తుకొచ్చాడు. తనకు ప్రధానము చేయబడిన మరియ గర్భవతి అని అతనికి తెలిసింది. దేవదూత ఇంకా కలలో కనబడలేదు. లోకం దృష్టిలో అతని కోపానికి కారణం ఉంది. అయినా మత్తయి సువార్త అతణ్ణి నీతిమంతుడని పిలుస్తుంది. ఎందుకంటే ఆమెను నలుగురిలో అవమానపరచనొల్లక, రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. గాయపడిన మగవాడు చేయగలిగింది చంపడం ఒక్కటే కాదని యోసేపు చూపించాడు. మన యవ్వనస్థుల కూటాల్లో ఈ మాట ఎన్నిసార్లు బోధించాము?

సంఘానికి మరో బాధ్యత కూడా ఉంది. కొట్టించుకుని వచ్చిన సహోదరికి “ప్రార్థన చేసుకో, సర్దుకుపో” అని చెప్పి తిరిగి అదే ఇంటికి పంపడం కాపరిత్వం కాదు. 2001 వరకు క్రైస్తవ భార్య కేవలం క్రూరత్వం చూపి విడాకులు పొందలేకపోయేది. దానికి తోడు భర్త వ్యభిచారాన్ని కూడా రుజువు చేయవలసి వచ్చేది. చట్టం మారింది. 2005 గృహహింస చట్టం ఆమెకు ఇంట్లో ఉండే హక్కును, రక్షణ ఉత్తర్వులను ఇస్తుంది. 181కి ఫోన్ చేయవచ్చు. స్త్రీలకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పెడతారు. ఈ వివరాలు ప్రతి చర్చి నోటీసు బోర్డు మీద ఉండాలి. అనుమానంతో, తాగుడుతో, కోపంతో రగిలిపోతున్న పురుషుణ్ణి కూడా ఒంటరిగా వదలకుండా పెద్దలు పిలిచి మాట్లాడాలి.

శిక్ష తగ్గించదగిన పరిస్థితులను న్యాయమూర్తి పరిశీలించేది ఒక ప్రాణం పోయిన తరువాతే. సంఘం మాత్రం వాటిని ముందే చూడగలదు. హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెట్టినప్పుడు దేవుడు విన్నాడు. అంతవరకు రాకముందే, మన పక్క బల్ల మీద కూర్చున్న సహోదరి మొరను మనం విందాము.