కుందూ గట్టున కొలతరాయి

ఈ వారం ఆళ్లగడ్డలో ఒక రైతుల సభకు వెళ్లాను. వాతావరణ మార్పు గురించి మాట వచ్చింది. "ఉత్తర ధ్రువంలో మంచు కరిగితే మన చేలకేమయ్యా?" అన్నాడొక చదువుకున్నాయన. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు.

2008లో మన దేశం ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 'హిమాద్రి' పరిశోధనా కేంద్రం తెరిచింది. 2014 జులైలో అక్కడి కాంగ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయలో, 192 మీటర్ల లోతున్నచోట 'ఇండార్క్' పరికరాలను దించింది. అవి నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తాయి. ఈ ఖర్చు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో ఎండాకాలపు మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరు కుండపోతలకూ సంబంధం ఉండొచ్చని 2021లో గోవాలోని మన ధ్రువ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే రాశారు. అది రాయలసీమ గురించి చెప్పిన మాట కాదు. మన వానలన్నిటినీ ఆర్కిటిక్ లెక్కలో వేయమని నేనూ అనను. కానీ సెప్టెంబరు వాన ఎంత పని చేస్తుందో నంద్యాలవాళ్లకు ఒకరు చెప్పాలా? 2019 సెప్టెంబరు 17న మహానంది ఆలయంలోకే వరద వచ్చింది. అంతకు ముందటి ఏడే సీమ కరువుతో అల్లాడింది.

ఆర్కిటిక్ పరిశోధనలో నన్ను కట్టిపడేసింది మంచు కాదు, నదులు. ఓబ్, యెనిసేయ్, లేనా మొదలైన ఆరు పెద్ద రష్యా నదులు ఆర్కిటిక్ సముద్రంలోకి మోసే నీరు 1936, 1999 మధ్య 7 శాతం పెరిగింది. వినడానికి చిన్న అంకె. అరవై ఏళ్లపాటు ఎవరో గట్టున నిలబడి ప్రవాహం కొలిచి రాసిపెట్టబట్టే అది బయటపడింది. సోవియట్ యూనియన్ పోయాక అక్కడ ఎన్నో కొలత కేంద్రాలు మూతపడ్డాయి. ఆ ఏళ్ల లెక్క ఇక ఎవరూ తేలేరు.

నేను ఎప్పుడూ మొత్తుకునేది ఇలా కొలిచి రాసిపెట్టడం గురించే. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. అలాంటి క్షేత్రంలో వాన కొలవడం రోజువారీ పని. శతాబ్దం దాటిన ఆ చరిత్రలోని వాన లెక్కలు రైతు చేతికి, బడి పిల్లల చేతికి, మండలానికో పుస్తకంగా ఎందుకు రావు? జిల్లా సగటు వాన ఇంత అని చెబితే రైతుకు ఒరిగేదేమీ లేదు. నెల వాన ఒక్క రాత్రే కురిస్తే సగటు బాగానే ఉంటుంది, మినుము మాత్రం కుళ్లిపోతుంది.

వాన లెక్కతో పాటు వాగుల సంగతీ చూడాలి. నల్లమల నుంచి నంద్యాల వైపు దిగే వాగులు చివరికి కుందూ నదిలోకే చేరతాయి. దారిలో వాటికి చోటేది? నంద్యాలలో మద్దిలేరు, చామకాలువ గట్లు చూడండి. గోడలు లేచాయి, చెత్త పేరుకుంది, వాగు సన్నబడింది. వాన ఎక్కడి నుంచి వచ్చినా సరే, వాగును మూసింది మాత్రం మనమే. ఈ తప్పును వాతావరణ మార్పు మీదికి నెట్టే నాయకులను నేను క్షమించలేను.

అందుకే వాగులనూ కొలవాలి. ఆళ్లగడ్డ శిల్పుల చేతి పని దేశమంతా తెలుసు. అడుగులు, అంగుళాలు చెక్కిన కొలతరాళ్లు వాళ్ల చేత చేయించి కుందూ, వక్కిలేరు, మద్దిలేరు మీది ప్రతి వంతెన పక్కన నాటించండి. నీరు ఎంతవరకు ఎక్కిందో రోజూ రాసే పని పక్క ఊరి బడికి అప్పగించండి. కలెక్టరు గారికి నా విన్నపం ఇదే: వచ్చే వానాకాలానికల్లా మొదటి రాయి నంద్యాలలోనే నాటించండి.